ఏ నుంచి పీ దాకా: టెక్సాస్ యాభై ఏళ్ళ నీళ్ళ లెక్క

మూడేళ్ళ క్రితం వేసవిలో, ఒకే వారంలో, మా ఇంటికి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నీళ్ళ బిల్లుతో పాటు వచ్చిన చీటీ. పచ్చికకు వారానికి రెండు రోజులకు మించి నీళ్ళు పెట్టవద్దనీ, పొద్దున పది గంటల నుంచి సాయంత్రం ఆరు గంటల దాకా స్ప్రింక్లర్ ముట్టుకోవద్దనీ అందులో ఉంది. రెండోది మా కాలనీ సంఘం పంపినది. మీ ఇంటి ముందు పచ్చిక ఎండిపోయింది, రెండు వారాల్లో పచ్చబడకపోతే జరిమానా వేస్తామన్నది దాని సారాంశం. సాక్ష్యంగా మా గడ్డి ఫొటో కూడా జతచేశారు; అందులో ఒక మూల మా పిల్లవాడి సైకిలు చక్రం కనిపిస్తూ ఉంది. డాలస్‌కు ఉత్తరాన ఈ కాలిన్ కౌంటీలో కాపురం పెట్టి అప్పటికి పదిహేనేళ్ళయినా, కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఎక్కడివో నేను ఎన్నడూ ఆరా తీయలేదు. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజున తీయాలనిపించింది. అప్పటినుంచి సెలవు రోజుల్లో టెక్సాస్ రాష్ట్ర జల ప్రణాళికనూ, దానికి పునాది అయిన ప్రాంతీయ ప్రణాళికలనూ చదువుతూ వస్తున్నాను. ఒక రాష్ట్రంలోని ప్రాంతాలన్నీ కూర్చుని యాభై ఏళ్ళ నీళ్ళ లెక్క ఎలా వేసుకుంటాయో, ఎక్కడ తగువు పడతాయో నాకు అర్థమైన మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మా కుళాయి కథ 1951లో మొదలవుతుంది. అప్పటికి ఇవి పత్తి, జొన్న పండించుకునే చిన్న ఊళ్ళు. సొంతంగా ఒక జలాశయం కట్టుకునే స్తోమత ఏ ఊరికీ లేదు. పది ఊళ్ళు కలిసి రాష్ట్ర శాసనసభ చేత ఒక చట్టం చేయించుకుని, నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ అనే ఉమ్మడి సంస్థను పెట్టుకున్నాయి. లావన్ జలాశయం నీళ్ళను శుద్ధి చేసి పంచుకోవడం దాని మొదటి పని. ప్లేనో, ఫ్రిస్కో, మెకినీ, అలెన్ అంటూ మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్న ఊళ్ళన్నీ ఈనాడు ఆ సంస్థ నీళ్ళే తాగుతున్నాయి. ఇరవై లక్షల మందికి పైగా దానిమీద ఆధారపడి ఉన్నారు. మనం ఫ్రిస్కోలో కట్టుకున్న గుడికైనా, కిరాణా కొట్టుకైనా, మూలాన ఉన్నది ఆ పది ఊళ్ళ పొత్తే.

ఆ ఊళ్ళను అలా కలిపింది కరువు. 1950లో మొదలై 1957 వసంతకాలపు వానలతో గాని తీరని ఆ కరువులో, రాష్ట్రంలోని 254 కౌంటీల్లో 244 కరువు ప్రాంతాలయ్యాయి. డాలస్ నగరం రెడ్ రివర్ నుంచి ఉప్పునీళ్ళు తోడుకుని తాగింది. ఆ కరువు తీరిన ఏడాదే, 1957లో, టెక్సాస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు పుట్టింది. తర్వాత నలభై ఏళ్ళ పాటు ప్రణాళికలు రాజధాని ఆస్టిన్‌లో కూర్చున్న ఇంజనీర్లే వేశారు. 1968 నాటి ప్రణాళిక ఏకంగా మిసిసిపీ నది నీళ్ళను పశ్చిమ టెక్సాస్ దాకా ఎత్తిపోయాలని కలగన్నది. దానికి కావలసిన 350 కోట్ల డాలర్ల బాండ్లకు 1969లో ప్రజల అనుమతి అడిగితే, ఓటర్లు స్వల్ప తేడాతో కాదన్నారు. పైనుంచి గీసిన గీతలు నేలమీదికి దిగలేదు.

1996లో మళ్ళీ కరువు వచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ సెనేట్ బిల్లు 1 పేరుతో చేసిన చట్టం ఆ పద్ధతిని తలకిందులు చేసింది. రాష్ట్రాన్ని పదహారు ప్రాంతాలుగా విభజించి, ఇంగ్లీషు అక్షరమాల వరుసలో ఏ నుంచి పీ దాకా పేర్లు పెట్టారు. మాది ‘సీ’, డాలస్, ఫోర్ట్‌వర్త్‌లతో కలిపి పదహారు కౌంటీలు. ప్రతి ప్రాంతానికీ ఒక ప్రణాళికా బృందం ఉంటుంది. అందులో నగరాలు, కౌంటీలు, పరిశ్రమలు, రైతులు, పర్యావరణం, చిన్న వ్యాపారాలు, విద్యుత్ కేంద్రాలు, నదీ సంస్థలు, సాధారణ ప్రజలు వంటి వర్గాలన్నిటికీ కుర్చీ ఉండాలని చట్టమే చెబుతుంది. సభ్యులకు జీతం లేదు. ఐదేళ్ళకొకసారి, రాబోయే యాభై ఏళ్ళకు ఎవరికి ఎంత నీరు కావాలి, ఎంత ఉంది, లోటు ఎంత, దాన్ని దేనితో పూడ్చాలి అన్నది ఈ బృందం రాస్తుంది. పదహారు ప్రణాళికలనూ కలిపి కుడితే రాష్ట్ర ప్రణాళిక తయారవుతుంది.

ఇంతమంది వేసిన లెక్కలు ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయన్నదే నాకు మొదట వచ్చిన అనుమానం. పొసగడానికి కారణం కొలబద్ద ఒకటే కావడం. జనాభా అంచనాల ముసాయిదాను రాష్ట్ర జల బోర్డు ఇస్తుంది. ప్రాంతాలు సవరణలు కోరవచ్చు గాని, తుది అంకె బోర్డు ఆమోదించినదే. నీటి లభ్యతను అందరూ లెక్కకు ఎక్కిన అతి పెద్ద కరువు కాలానికి వేయాలి. అంటే చాలాచోట్ల 1950ల నాటి ఆ ఏడేళ్ళు మళ్ళీ వస్తే ఏ జలాశయం ఏటా తప్పకుండా ఎంత ఇవ్వగలదో అంతే దాని ఖాతాలో రాసుకోవాలి. వానలు బాగా పడ్డ ఏడాది నిండిన చెరువును చూపించి మాకు నీళ్ళున్నాయి అనడానికి వీల్లేదు.

ఇక్కడ కృష్ణ గుర్తుకు రాక మానదు. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద 2060 టీఎంసీలను నికర జలాలుగా తేల్చి మూడు రాష్ట్రాలకు పంచింది. నాలుగేళ్ళలో ఒక ఏడాది అంత నీరు రాకపోవచ్చునన్నది ఆ లెక్కలోనే ఇమిడి ఉన్న మాట. సాగునీటికి అది సమంజసమైన పద్ధతే. ఒక పంట పోయినా రైతు మరుసటి ఏడాది కోసం ఎదురుచూడగలడు. తాగునీటికి నాలుగో ఏడాది అనే మాట చెల్లదు. అందుకే టెక్సాస్ వాళ్ళ ‘నికరం’ మన నికరం కంటే చాలా కఠినం. అయినా అదీ ఒక్కోసారి చాలదు. ‘బీ’ ప్రాంతంలోని విచిటా ఫాల్స్ ఊరికి 2011లో మొదలైన కరువు 1950ల కరువును మించిపోయింది. 2014లో ఆ ఊరు తన మురుగునీటినే శుద్ధి చేసి, నదిలోనూ చెరువులోనూ కలపకుండా నేరుగా తాగునీటి కేంద్రానికి మళ్ళించుకుని ఏడాది పాటు నెట్టుకొచ్చింది. కొలబద్ద అనుకున్నది అక్కడ పొట్టిదైంది.

2022 రాష్ట్ర ప్రణాళికలోని అంకెలు ఎకరా అడుగుల్లో ఉంటాయి. మనకు అలవాటైన కొలతలోకి మార్చుకుని చూశాను. 2020లో సుమారు 2.97 కోట్లుగా ఉన్న జనాభా 2070 నాటికి 5.15 కోట్లు అవుతుందట. నీటి అవసరం మాత్రం అదే కాలంలో 771 టీఎంసీల నుంచి 836 టీఎంసీలకే పెరుగుతుంది, ఎందుకంటే నగరాల అవసరం పెరిగేకొద్దీ సేద్యపు వాడకం తగ్గుతుందని అంచనా. అసలు దెబ్బ మరోవైపు నుంచి పడుతుంది. ఇప్పుడున్న వనరులు 732 టీఎంసీల నుంచి 601కి పడిపోతాయి. భూగర్భ జలం తరిగిపోతుంది, జలాశయాల్లో పూడిక చేరుతుంది. పెద్ద కరువు వస్తే 2070లో లోటు దాదాపు 300 టీఎంసీలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ కృష్ణలో ఇచ్చిన మొత్తం వాటా 811 టీఎంసీలు. అంటే అంత పెద్ద టెక్సాస్ తాగడానికీ, పండించడానికీ, ఫ్యాక్టరీలకూ కలిపి ఏడాదికి వాడే నీరు మన కృష్ణ వాటాను దాటదు. ఈ పోలిక తట్టినప్పుడు గుణకారం తప్పు చేశానేమోనని రెండుసార్లు వేసి చూసుకున్నాను.

స్వచ్ఛందంగా వచ్చి కూర్చునే బృందాల మాటకు బలం ఎక్కడిదని అడగవచ్చు. ప్రణాళికతో పొసగని పథకానికి రాష్ట్రం నుంచి చౌక అప్పు దొరకడం కష్టం. 2013లో ఓటర్ల ఆమోదంతో రాష్ట్ర పొదుపు నిధి నుంచి 200 కోట్ల డాలర్లు తీసి పెట్టిన స్విఫ్ట్ నిధి ప్రణాళిక సిఫారసు చేసిన పథకాలకే అప్పులిస్తుంది. కొత్త నీటి హక్కు కోసం దరఖాస్తు చేసినా, అది ప్రాంతీయ ప్రణాళికతో పొసగాలన్నది సాధారణ నియమం. 2025 నవంబరులో ఓటర్లు మరో సవరణను ఆమోదించి, 2027 నుంచి అమ్మకం పన్నులో ఏటా 100 కోట్ల డాలర్ల దాకా నీటి పనులకు కేటాయించారు. పరస్పరం గిట్టని ఊళ్ళు కూడా ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి మంచితనం కంటే ఈ ఖాతా పుస్తకమే పెద్ద కారణమని నా అభిప్రాయం. అందులో తప్పేమీ లేదు.

మా ప్రాంతం తన లోటును ఎలా పూడ్చుకుంటూ వచ్చిందో చూస్తే ప్రణాళిక అనేది కాగితం మీది గీత కాదని తెలుస్తుంది. ఓక్లహోమా సరిహద్దున ఉన్న టెక్సోమా జలాశయం మా సంస్థకు నాలుగో వంతుకు పైగా నీళ్ళిచ్చేది. 2009లో అక్కడ జీబ్రా మసెల్ అనే చారల ఆల్చిప్ప కనిపించింది. గోటి వెడల్పు ఉండే ప్రాణి. గొట్టాల లోపల గుత్తులుగా అతుక్కుని పూడ్చేస్తుంది. ఆ నీటిని లావన్‌లోకి వదిలితే ఆల్చిప్ప కూడా చేరుతుంది కనుక తోడకం ఆపేయవలసి వచ్చింది. ఎక్కడా బయటి నీటితో కలవకుండా నేరుగా శుద్ధి కేంద్రానికి చేరేలా 46 మైళ్ళ గొట్టం వేసి, 2014లో గాని మళ్ళీ తోడలేకపోయారు. ఈలోగా కరువు వచ్చింది. ఆ ఏడాది పచ్చికకు రెండు వారాలకొకసారే నీళ్ళు. మా వీధిలో జనం వంటింట్లో కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లలో పట్టి గులాబీ మొక్కలకు మోసుకెళ్ళడం అప్పుడే చూశాను. మనవాళ్ళకు అది కొత్త కాదు, పక్కింటి అమెరికన్ దంపతులకు కొత్త.

వాడిన నీటిని తిరిగి తెచ్చుకోవడంలో మాత్రం వీళ్ళ తెలివిని మెచ్చుకోవలసిందే. మా ఊళ్ళ మురుగునీరు శుద్ధి అయ్యాక ట్రినిటీ నది తూర్పు పాయలో కలిసి దిగువకు పోతుంది. డాలస్‌కు ఆగ్నేయంగా 1,840 ఎకరాల్లో తుంగ, రెల్లు వంటి నీటి మొక్కలు నాటి ఒక కృత్రిమ చిత్తడి నేలను తయారు చేశారు. నది నుంచి తోడిన నీరు ఒక మడి నుంచి మరో మడికి రోజుల తరబడి నెమ్మదిగా పారుతుంది. మడ్డి అడుగున దిగుతుంది, భాస్వరం, నత్రజని మొక్కలకు ఎరువవుతాయి. అలా తేటపడిన నీటిని సుమారు 43 మైళ్ళు వెనక్కు తోడి లావన్‌లో పోస్తారు. చలికాలంలో అక్కడికి పిల్లవాడిని తీసుకువెళ్ళాను. చెక్క వంతెన మీద నిలబడి కొంగలను చూస్తూ, ఇవి మన బాత్రూం నీళ్ళేనా అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, సీసాలోని నీళ్ళు తాగాడు.

ఈ మార్గాలేవీ చాలవు కనుక కొత్త జలాశయం కూడా కట్టారు. ఫానిన్ కౌంటీలో, స్థానికులు బోడార్క్ అని పలికే బోయి డార్క్ జలాశయం, 16,641 ఎకరాలు, సుమారు 16 టీఎంసీలు. రాష్ట్రంలో దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత కట్టిన మొదటి పెద్ద జలాశయం ఇదే. నీటి హక్కు 2015లో వచ్చింది, ఫెడరల్ అనుమతి 2018లో వచ్చింది, నీళ్ళు 2023లో కుళాయికి చేరాయి. పొరుగు రాష్ట్రం నీళ్ళ కోసం చేసిన ప్రయత్నం మాత్రం బెడిసికొట్టింది. ఫోర్ట్‌వర్త్ వైపు నీళ్ళిచ్చే టారెంట్ సంస్థ ఓక్లహోమాలోని కియామిచీ నది నుంచి ఏటా 13 టీఎంసీలకు పైగా కావాలని అడిగింది. రాష్ట్రాల మధ్య కుదిరిన రెడ్ రివర్ ఒప్పందం మాకు ఆ హక్కు ఇచ్చిందని వాదించింది. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా కాదన్నారు. సరిహద్దు దాటి తోడుకునే హక్కు ఇవ్వదలచుకుంటే ఒప్పందంలో ఆ మాట రాసి ఉండేవారన్నది తీర్పు సారం. అంతర్రాష్ట్ర జలవివాదాలు వింటూ పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది సొంత రాష్ట్రంలోనే, పక్క ప్రాంతంతోనే ఉన్న తగువు. ఈశాన్య టెక్సాస్ అంతా ‘డీ’ ప్రాంతం. అక్కడ సల్ఫర్ నది మీద మార్విన్ నికోల్స్ అనే జలాశయం కట్టాలని దశాబ్దాలుగా ప్రతిపాదన ఉంది. మార్విన్ నికోల్స్ అంటే జల బోర్డుకు మొదటి అధ్యక్షుడైన ఇంజనీరు. ముంపు సుమారు 66,000 ఎకరాలు, నికర దిగుబడి దాదాపు 20 టీఎంసీలు. అందులో ఐదింట నాలుగు వంతులు మా ‘సీ’ ప్రాంతానికే. మునిగేది మాత్రం రెడ్ రివర్, టైటస్, ఫ్రాంక్లిన్ కౌంటీల్లోని పల్లపు అడవులు, పశువుల బీళ్ళు. పైగా ముంపులో పోయే చిత్తడి అడవికి బదులుగా చట్టప్రకారం ఇంకెన్నో వేల ఎకరాలను విడిగా సంరక్షించాలి, అవి కూడా ఆ చుట్టుపక్కలవే అవుతాయి.

2011 ప్రణాళికల్లో ‘సీ’ దీన్ని సిఫారసు చేసింది, ‘డీ’ వ్యతిరేకించింది. బోర్డు రెండు ప్రణాళికలనూ ఆమోదించింది. ఒక ప్రాంతంలోని పథకం మరో ప్రాంతంలోని పథకంతో నీటి కోసం పోటీ పడితేనే అది వైరుధ్యం, వద్దు అన్నంత మాత్రాన కాదు అన్నది బోర్డు వాదన. భూమి యజమానులు కోర్టుకు వెళ్ళారు. 2013లో ఈస్ట్‌లాండ్ అప్పీలు కోర్టు, ఇది వైరుధ్యమే, బోర్డు తీర్చవలసిందేనని చెప్పింది. మధ్యవర్తిత్వం ఫలించలేదు. వ్యవసాయానికీ, ప్రకృతి వనరులకూ కలిగే నష్టాన్ని అంకెల్లో చూపలేదని బోర్డు 2014లో మా ప్రాంతాన్ని వెనక్కు పంపింది. ఆ లెక్క సమర్పించాక 2015 జనవరిలో పథకాన్ని ఉంచవచ్చునంది. ఆ ఏడాది చివర ఉభయులూ రాజీకి వచ్చి, నిర్మాణాన్ని 2070కి వాయిదా వేశారు. తర్వాతి ప్రణాళికలో, 2021లో, అది మళ్ళీ 2050కి జరిగి వచ్చింది. ఇరవై ఏళ్ళు అలా ఒక గడి నుంచి ఇంకో గడికి మారినప్పుడు, రాజీని నమ్మి ఆ నేల మీద ఇల్లు బాగుచేసుకున్నవాడి సంగతేమిటని నాకు అనిపించింది.

కిందటి అక్టోబరులో ఆ వైపు వెళ్ళాను. 271వ రహదారి మీద టాల్కో దాటి బొగాటా వైపు పోతుంటే సల్ఫర్ నది వంతెన వస్తుంది. నది చూడడానికి ఏమంత ఘనంగా ఉండదు. బురదరంగు నీరు, రెండు గట్లమీదా ఓక్, యాష్ చెట్లు. కంచెలకు అక్కడక్కడా ఆ జలాశయం వద్దంటూ బోర్డులు కట్టి ఉన్నాయి, కొన్ని ఎండకు వెలిసి అక్షరాలు సగమే మిగిలాయి. మా అమ్మమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో ఉంది. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఆ వైపు వెళ్ళి వచ్చినవాళ్ళను, మన గోడ మొదళ్ళేమైనా కనిపించాయా అని ఆమె చివరిదాకా అడుగుతూనే ఉండేది. ఆ వంతెన మీద కారు పక్కకు ఆపి నిలబడినప్పుడు నేను నీళ్ళు తాగే వైపు మనిషిని, ఆమె మునిగిన వైపు మనిషి. ఇది ఏ పట్టికలోనూ పట్టే విషయం కాదు.

ఈ పదహారు గీతల అసలు లోపం ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. ఒక ప్రాంతం లోపల సర్దుబాటు బాగానే సాగుతుంది, ఎందుకంటే లాభం పొందేవాడూ నష్టపోయేవాడూ ఒకే బల్లకు ఇరువైపులా ఉంటారు. గీత దాటిన చోట తాగేవాడు ఒక బల్ల దగ్గర, మునిగేవాడు మరో బల్ల దగ్గర ఉంటారు. ఇద్దరి తీర్మానాలూ తమ తమ గదుల్లో ఏకగ్రీవాలే. 2019లో చట్టం చేసి, ప్రతి ప్రాంతం నుంచి ఒకరితో అంతర్ప్రాంతీయ మండలిని పెట్టారు గాని, దానికి సలహా ఇచ్చే పనే తప్ప తీర్పు చెప్పే అధికారం లేదు. ఇక భూగర్భ జలం దగ్గర 1904 నాటి కోర్టు తీర్పుతో వచ్చిన పద్ధతి, ఎవరి నేల కింద నీళ్ళు వారు ఎంత తోడుకున్నా సరేనన్నది, చాలా మేరకు ఇంకా నిలిచే ఉంది. అది మరో పెద్ద వ్యాసం అవుతుంది.

‘డీ’ ప్రాంతం వాళ్ళు పదే పదే చెప్పే మాట ఒకటుంది. మా అడవిని ముంచి మీ పచ్చికలకు పోస్తారా అన్నది. అందులో అతిశయోక్తి ఉందని మొదట అనుకున్నాను. రాష్ట్రం నియమించిన నీటి పొదుపు కార్యదళం 2004లో నగరాలకు లక్ష్యంగా సూచించినది తలకు రోజుకు 140 గ్యాలన్లు, అంటే 530 లీటర్లు. మన దేశంలో మురుగు పారుదల ఉన్న పట్టణాలకు ప్రమాణంగా పెట్టుకున్నది 135 లీటర్లు. ఈ నాలుగింతల తేడాలో ఎంత భాగం గడ్డి మీద పడుతుందో మా ఇంటి జనవరి బిల్లునూ ఆగస్టు బిల్లునూ పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే తెలిసిపోయింది. ఆగస్టుది రెండున్నర రెట్లు. రాష్ట్ర ప్రణాళిక కూడా 2070 నాటికి సమకూర్చుకోదలచిన నీటిలో దాదాపు 29 శాతం పొదుపు, వాడకం తగ్గింపుల నుంచే వస్తుందని రాసుకుంది. జలాశయం కట్టకూడదని నేను అనను. నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడ పుట్టబోయే జనానికి నీళ్ళు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి. గడ్డి లెక్క తేలకముందే అడవి లెక్క తేల్చడం మాత్రం నాకు రుచించదు.

కాలనీ సంఘానికి అప్పట్లో జవాబు రాశాను. నీళ్ళ బిల్లుతో వచ్చిన చీటీ నకలు, కరువును తట్టుకునే మొక్కలను సంఘాలు నిషేధించకూడదని 2013లో వచ్చిన చట్టం నకలు జతచేశాను. జరిమానా వేయలేదు, క్షమాపణా చెప్పలేదు. నీటి ఆంక్షలున్న కాలంలో గడ్డి ఎండిందని జరిమానా వేయకూడదని 2025లో శాసనసభ విడిగా ఒక చట్టమే చేసింది, కనుక ఇలాంటి ఉత్తరాలు అందుకున్నది నేనొక్కడినే కాదన్నమాట. ఆ శరదృతువులో ముందువైపు గడ్డి సగం తవ్వించి, ఈ నేలకు అలవాటైన టెక్సాస్ సేజ్ పొదలు నాటించాను. వాన రాబోయే ముందు అవి ఊదారంగు పూలు పూస్తాయని ఇక్కడివాళ్ళు నమ్ముతారు. కిందటి ఆగస్టులో రెండుసార్లు పూశాయి, ఒకసారే వాన పడింది.